వలదారంతో కుట్టిన అమ్మ చీరలు

కొత్త గుడ్డతో బొంత కుట్టేవాళ్ళంటే నాకు గిట్టదు. బజారులో మీటర్ల లెక్కన గుడ్డ తెచ్చి, మధ్యలో ఇంత దూది దట్టించి, మిషను మీద నాలుగు కుట్లు లాగి, దాన్ని కూడా బొంత అంటున్నారు. అది దుప్పటికి అక్క, పరుపుకి చెల్లెలు. బొంత మాత్రం కాదు. బొంతంటే ఒక మనిషి ఒంటి మీద ఏళ్ళ తరబడి నలిగిన నూలుచీర కావాలి. ఉతికి ఉతికి గంజి వాసన కూడా పోయి, వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అవతల మనిషి మొహం కనిపించేంతగా అరగాలి. అప్పుడే అది పసిబిడ్డ ఒంటికి పనికొస్తుంది.

ఈ మాట ఊరికే అనడం లేదు. మా ఇంట్లో, తమ్ముడింట్లో, చెల్లెలింట్లో పుట్టిన పిల్లలందరూ నేను కుట్టిన బొంతల మీదే దొర్లారు. పెళ్ళిళ్ళకి అందరూ స్టీలు గిన్నెలు, గోడ గడియారాలు పట్టుకెళ్తారు. నేను దిండు గలీబులు కుట్టి తీసుకెళ్తాను. మనవరాలు కాలేజీలో చేరినప్పుడు దాని పాత జీన్సు ప్యాంటు కాళ్ళు కోసి పుస్తకాల సంచి కుట్టాను. "నానమ్మా, నా ప్యాంటే నాకు గిఫ్టా" అని ఎగతాళి చేసింది. రెండేళ్ళయింది. కొన్న సంచులు జిప్పులు ఊడి మూల పడ్డాయి గానీ ఆ సంచి ఇంకా దాని భుజానే ఉంది.

మాది బందరు. సముద్రం మీద బతికే ఇల్లు. మా ఆయన ఉన్నన్నాళ్ళు వేటకి వెళ్ళాడు, నేను ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగాను. చదువుకి తీరిక దొరకలేదు. యాభై ఏడో ఏట కోడలు పలక కొనుక్కొచ్చి నన్ను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. అందుకే నా రాతలో వంకర్లుంటాయి. మాటలో ఉండవు.

సూది మాత్రం ఏడో ఏటే చేతికొచ్చింది. మా నాన్న చిరిగిన వలలు బాగు చేసుకుంటుంటే పక్కన కూర్చుని నేనూ ముడులు వేసేదాన్ని. వలలో ఒక్క ముడి జారితే ఆ కన్ను పెద్దదవుతుంది, చేప ఆ దారినే పోతుంది. "బిగించవే, ఇంకా బిగించు" అనేవాడు నాన్న. వేళ్ళు కోసుకుపోయినా బిగించేదాన్ని. మా నాన్న నేర్పిన ఆ బిగింపే అరవై ఏళ్ళ తర్వాత నా కొంప ముంచింది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పుట్టిన బిడ్డ ఒంటికి తగిలే మొదటి గుడ్డ, ఇంట్లో అందరికంటే ఎక్కువకాలం బతికిన ఆడమనిషి చీర అయ్యుండాలి. ఆవిడ ఆయుష్షు బిడ్డకి అంటుతుందని నమ్మకం. కొందరు ముత్తైదువ చీరే కావాలంటారు. మా దగ్గర ఆ పట్టింపు లేదు. సముద్రం మీదికి వెళ్ళే మగవాళ్ళని పెట్టుకుని ముత్తైదువుల కోసం వెతుక్కుంటూ కూర్చుంటే మా పిల్లలకి గుడ్డపీలిక కూడా దొరకదు. ఎన్నేళ్ళు బతికిందన్నదే లెక్క.

మా అమ్మ తొంభై దాటి బతికింది. ఆఖరి రోజుల్లో దివిసీమలో, పాలకాయతిప్పకి ఇవతల మా తమ్ముడింట్లో ఉండి, పోయిన ఏడాది వానాకాలంలో పోయింది. పోయేముందు వారం దాకా తన చీర తనే ఉతుక్కుంది.

మా చెల్లెలు ఉండేది గుడివాడలో. దానికి ఒక్కతే కూతురు. ఆ పిల్లకి మొదటిసారి కడుపు ఐదో నెలలో పోయింది. అప్పటినుంచి మా చెల్లెలు మనిషి మారిపోయింది. అంతకుముందు దేనికీ జంకేది కాదు. ఇప్పుడు పిల్లి ఎదురొస్తే ఆగుతుంది, ఎవరైనా తుమ్మితే కూర్చుంటుంది. రెండోసారి కడుపు నిలిచి ఎనిమిదో నెల వచ్చాక, అది తమ్ముడింటికి వెళ్ళి అమ్మ చీరలు అడిగి తీసుకుని, అవనిగడ్డలో బస్సెక్కి తిన్నగా మా ఇంటికొచ్చింది. గుమ్మంలో చెప్పులైనా సరిగా విడవకుండా సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మూడే దొరికాయి అక్కా. మిగతావి తమ్ముడి పెళ్ళాం ఎవరెవరికో పంచేసిందంట."

"మూడు చాలు. బాలింత, బిడ్డ ఇద్దరూ పడుకునేంత వస్తది."

"కత్తెర పెట్టవుగా?"

"నేనెప్పుడన్నా పెట్టానా?"

"అడిగాన్లే. ఇంకో మాట చెప్తాను, కోప్పడకూడదు."

"కోపం వచ్చే మాటైతే కోప్పడతాను. చెప్పు."

అది సంచి కొస మెలేస్తూ చెప్పింది. "నీ బొంతలు మెత్తగానే ఉంటాయి గానీ కుట్లు ఆగవక్కా. రెండేళ్ళు తిరిగేసరికి దారాలు వేలాడతాయి. నా కూతురి బొంత ఎన్నిసార్లు నీ దగ్గరకి తెచ్చి మళ్ళీ కుట్టించుకున్నానో నీకు తెలుసు. ఇది మాత్రం గట్టిగా కుట్టు. అమ్మ చీరలు మళ్ళీ రావు. ఈసారి బిడ్డని అమ్మ చీరలో పెడితే నాకు ధైర్యంగా ఉంటది."

కోపం వచ్చింది. అయినా మింగాను, ఎందుకంటే అది చెప్పింది నిజం. నా బొంతల కుట్లు ఊడేవి. నేను వాడేది మామూలు నూలు దారం. ఊడినప్పుడల్లా మళ్ళీ కుట్టేదాన్ని. అదేదో నా చేతిలో లోపమని నేనూ లోపల అనుకునేదాన్ని, పైకి ఒప్పుకునేదాన్ని కాదు.

చెల్లెలు వెళ్ళాక చీరలు మంచం మీద పరిచాను. నీలం చీరకి ఎడమ భుజం దగ్గర పెద్ద మరక. అమ్మ కూడా చేపల తట్ట మోసిన మనిషే. తట్టలోంచి నీళ్ళు కారి కారి ఆ రంగు అలా ఉండిపోయింది, ఎన్ని సబ్బులు పెట్టినా పోలేదు. పసుపు పచ్చ చీరకి పొయ్యి నిప్పు పడి కాలిన చిల్లు, దాని మీద అమ్మ వేసుకున్న అతుకు. అతుకు గుడ్డ నాకు తెలుసు, నా చిన్నప్పటి గౌనుది. మూడోది గళ్ళ చీర, దానికి ఏ మచ్చా లేదు. ఆసుపత్రికి వెళ్ళినప్పుడే కట్టుకునేది.

వీటికి నూలు దారం వెయ్యబుద్ధి కాలేదు. ఊడని దారం కావాలి. మా ఇంట్లో దానికి కరువా? అటక మీద వలలు బాగు చేసుకునే నైలాన్ దారం ఉండలు ఉండలుగా ఉంది. సన్నది, మెరుస్తుంది, ఇద్దరు మనుషులు చెరో వైపు పట్టి లాగినా తెగదు. ఉప్పునీళ్ళలో ఏళ్ళు నానినా ఏమీ కాదు. ఇంతకాలం ఇది నాకెందుకు తట్టలేదా అనిపించింది. ఆ రోజు నా అంత తెలివైనది బందరులో లేదనుకున్నాను.

చీరలు గంజి మిగలకుండా ఉతికి, ఒక్కోటి మూడు మడతలు వేసి, ఒకదాని మీద ఒకటి పరిచాను. మొత్తం తొమ్మిది పొరలు. అరిగిన నూలు కాబట్టి తొమ్మిది పొరలైనా మందం రాదు. వసారాలో నేల మీద పరిచి నాలుగు మూలలా ఇటుకలు పెట్టాను. ముందు అంచులు పట్టి, ఆ తర్వాత అంచు నుంచి లోపలికి వరసలు. వరసకీ వరసకీ మధ్య రెండు వేళ్ళ ఎడం. ప్రతి నాలుగు కుట్లకి ఒకసారి దారం బిగలాగి ముడి. మా నాన్న చెప్పినట్టే.

కోడలు వచ్చి ఒక అంచు పట్టుకుని చూసింది. "అత్తయ్యా, ఇది బొంతేనా? మావయ్య ఉండుంటే వేటకి తీసుకెళ్ళేవారు."

"వెళ్ళి నీ పని చూసుకో."

"గట్టిగా ఉందని మెచ్చుకుంటున్నానండీ."

పదకొండు రోజులు పట్టింది. చివరి ముడి వేసి, రెండు చేతులతో పట్టి లాగి చూశాను. ఒక్క కుట్టు కదల్లేదు. చెల్లెలికి ఫోను చేసి చెప్పాను, "నీ మనవడి మనవడు కూడా దీని మీదే పడుకుంటాడు, రాసిపెట్టుకో" అని.

బిడ్డ ఒంటికి వెళ్ళే బొంత కాబట్టి కుంకుడు నురగలో ఉతికి, రెండు ఎండలు చూపించి పంపాలి. ఉతికాను. తొమ్మిది పొరలు నీళ్ళు పీల్చి రాయి లాగా బరువెక్కాయి. నేనొక కొస, కోడలొక కొస పట్టుకుని పిండి, దండెం మీద వేశాం. నేను వెనక్కి తిరిగి బకెట్టు తీస్తుంటే వినిపించింది. పర్రుమని ఒక చప్పుడు. కాసేపటికి ఇంకోటి. కోడలు నా వైపు చూసింది. నేను దాని వైపు చూశాను.

బొంత తన బరువుకి తనే చిరుగుతోంది. కుట్టు పడిన ప్రతిచోటా గుడ్డ బ్లేడు పెట్టి కోసినట్టు తెగింది. ఒక వరస తెగితే ఆ బరువు రెండో వరస మీద పడి అదీ తెగుతోంది. గబగబా దించి నేల మీద పరిచాం. అప్పటికే సగం వరసలు పోయాయి. అమ్మ భుజం మరక మధ్యకి చీలింది. అతుకు ఒక వైపు ఊడి వేలాడుతోంది. దారం మాత్రం చెక్కుచెదరలేదు. తళతళ మెరుస్తోంది.

కోడలు వంగి రాలిన పోగులు ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంది. అది మంచిపిల్ల. ఏమైనా అనుంటే బాగుండునని నాకనిపించింది.

ఆరాక మడత పెట్టి పెట్టెలో దాచి తాళం వేశాను. మూడు రోజులు ఆ పెట్టె వైపు చూడలేదు. చెల్లెలు ఫోను చేసి "ఎప్పుడు తెస్తున్నావక్కా" అంటే "ఎండలు చాల్లేదు" అన్నాను. ఎండ నడినెత్తిన మండుతోంది. ఊరందరి మొహం మీదా ఉన్నదున్నట్టు అనేసే మనిషిని. నా చెల్లెలికి మాత్రం మూడు రోజులపాటు అబద్ధం చెప్పాను. నాలుగో రోజు కాగితం తీసి రాశాను, "బొంత చిరిగింది, తప్పు నాదే" అని. రాసి చదువుకున్నాను. అబద్ధం ఆడినప్పుడు పట్టని చెమట, నిజం రాస్తే పట్టింది. కాగితం చింపి పొయ్యిలో వేశాను. ముందు దీన్ని బాగు చెయ్యగలనేమో చూద్దామని బొంత సంచిలో పెట్టుకుని టౌనులోకి వెళ్ళాను.

టౌనులో నాకొక వదిన ఉంది. చుట్టరికం కాదు, పిలుపే. దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టే సాయిబుల ఇల్లు. ముప్పై ఏళ్ళ కిందట ఎండురొయ్యలు అమ్మబోయి బేరం దగ్గర పోట్లాడుకున్నాం, ఆ పోట్లాటతోనే స్నేహం కుదిరింది. నన్ను ఆవిడా వదినా అంటుంది. ఎవరు ఎవరికి ఆడపడుచో ఇప్పటికీ తేలలేదు.

ఆవిడ బొంత విప్పి చూసి, కళ్ళజోడు తెచ్చుకుని మళ్ళీ చూసింది.

"ఎవరు కుట్టారు వదినా ఇది?"

"నేనే."

"ఇది కుట్టు కాదు. ఉరి." దారం గోటితో మీటింది. "ఏం దారం ఇది?"

"వలదారం."

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. నేను నవ్వకపోయేసరికి ఆపింది. "చూడు వదినా. గుడ్డ కంటే దారం బలంగా ఉండకూడదు. లాగుడు వచ్చినప్పుడు తెగాల్సింది దారం. దారం తెగితే మళ్ళీ కుట్టుకుంటాం. గుడ్డ తెగితే దేన్ని కుట్టుకుంటాం? పరుపులు కుట్టే ఇంట్లో చంటిపిల్లకి కూడా తెలుసు ఇది."

"మా ఇంట్లో దారం తెగితే చేప పోతది."

"చేపని పట్టుకోవడానికి కుట్టావా, బిడ్డని పడుకోబెట్టడానికి కుట్టావా?"

నాకు జవాబు దొరక్కపోవడం ఆవిడ ముప్పై ఏళ్ళలో మొదటిసారి చూసింది కాబోలు, లేచి వెళ్ళి టీ పెట్టుకొచ్చింది.

టీ తాగుతుంటే ఒక సంగతి తలకెక్కింది. ఇన్నాళ్ళూ నా బొంతల కుట్లు ఊడాయంటే అది నా చేతిలో లోపం కాదు. సరిగ్గా కుట్టాను కాబట్టే ఊడాయి. దారం ఊడింది గానీ ఒక్క బొంతలో ఒక్క చీర చిరగలేదు. తెలియకుండా అన్నేళ్ళు సరిగ్గా చేసి, బాగా చేద్దామనుకున్న ఒక్కసారి పాడుచేశాను.

"పైన ఇంకో పాత చీర వేసి కప్పేస్తే?" అని అడిగాను.

"కప్పితే కనపడదు. లోపల దారం కోస్తానే ఉంటది. ఆర్నెల్లు తిరక్కుండా ఆ పై చీర కూడా పోతది. విప్పాల్సిందే. లాగొద్దు. నాలుగు కుట్లకొకటి కత్తిరించి, చిన్నచిన్న ముక్కలుగా తియ్యి. ఎన్ని రోజులు పడితే అన్ని రోజులు." బొంత మడిచి నా చేతిలో పెట్టింది. "మీ చెల్లెలికి చెప్పావా?"

"లేదు."

"చెప్పకుండా విప్పితే ఇంకా తంటా. విప్పాక బొంత ఏదని అడగదూ?"

మర్నాడు పొద్దున్నే గుడివాడ పాసింజరు ఎక్కాను. బొంత ఒళ్ళో పెట్టుకున్నాను. పెడన దాటాక ఎదుటి సీటావిడ "ఏంటండీ అది, బొంతా? బాగుందండీ" అంది. మడత పైనుంచి చూస్తే బాగానే ఉంటుంది మరి.

చెల్లెలు తలుపు తీసి ముందు నా చేతి సంచి చూసింది, తర్వాత నన్ను. దాని మొహం విచ్చుకుంది. ఆ మొహం చూసి నేను గుమ్మంలోనే చెప్పేశాను. ఇంకొక్క నిమిషం ఆగితే చెప్పలేనని తెలుసు.

"బొంత చిరిగింది. నైలాన్ దారం వేశాను. అది చీరల్ని కోసేసింది. తప్పు నాదే."

అది బొంత తీసుకుని నేల మీద పరిచింది. చీలికల మీద ఒక్కొక్కదాని మీద వేలు పెట్టుకుంటూ వెళ్ళింది. భుజం మరక దగ్గర ఆగింది.

"నెల రోజుల్లో పురుడు. నిన్ను నమ్మి ఇచ్చాను."

"అవును."

"ఎండలు చాల్లేదన్నావు."

"అబద్ధం చెప్పాను."

"నైలాన్ వెయ్యొచ్చో లేదో ఎవర్నన్నా అడిగావా? పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారన్నా 'నాకు తెలీదు' అన్నావా అక్కా నువ్వు?"

"అలవాటు లేదు."

"నీ అలవాట్లకి నా కూతురు బలవ్వాలా?" అంది. అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ మాట గుచ్చుకుంది. అది అన్నది చీరల గురించి కాదు, పోయినసారి పోయిన కడుపు గురించి. దాని మనసులో ఈ గుడ్డలు చిరగడమంటే ఏమిటో నాకు అర్థమైంది. ఇలాంటి వాటిని నేను నమ్మను. నమ్మనని ఆ గుమ్మంలో నిలబడి చెప్పేంత మూర్ఖురాలినీ కాదు.

లోపలి గదిలోంచి దాని కూతురు వచ్చింది. తొమ్మిదో నెల పడింది, నడుం పట్టుకుని నడుస్తోంది. బొంత చూసింది, నన్ను చూసింది.

"విప్పితే చీరలు వస్తాయా పెద్దమ్మా?"

"వస్తాయి. చిల్లులుంటాయి."

"నాకు గోళ్ళు కత్తిరించుకునే చిన్న కత్తెర ఉంది. సరిపోతుందా?"

దిండ్లు ఆనించుకుని కూర్చుని బొంత ఒక కొస తన ఒళ్ళోకి లాక్కుంది. పొట్ట మీద పరుచుకుని పని మొదలుపెట్టింది. నేను రెండో కొస పట్టాను. నాలుగు కుట్లకొకటి కత్తిరించడం, ముక్క గోటితో పైకి తియ్యడం, పక్కన గిన్నెలో వెయ్యడం. అరికాల్లో గుచ్చుకోకూడదని ప్రతి ముక్కా గిన్నెలోనే. మొదటి పూట రెండు వరసలు కూడా తెమల్లేదు.

"ఇది నీ గౌను ముక్కంట కదా, అమ్మ చెప్పింది" అంది అతుకు పట్టుకుని.

"అవును. దాని మీద ఎర్రపూలుండేవి."

"ఒక్కటి ఇంకా ఉంది చూడు."

చూశాను. ఉంది. నా కళ్ళకి కనపడలేదు గానీ దాని కళ్ళకి కనపడింది.

మూడు రోజులు అక్కడే ఉండిపోయాను. చెల్లెలు నాతో మాట్లాడలేదు. వేళకి కంచం తెచ్చి పెట్టేది, మజ్జిగ పోసేది, వెళ్ళిపోయేది. నాకు చేపల పులుసులో మామిడికాయ ఉండాలని దానికి తెలుసు. వేసింది. మాట మాత్రం లేదు. మూడో రోజు మధ్యాహ్నానికి నీలం చీర పూర్తిగా విడివడింది. పసుపు పచ్చది కూడా అయిపోయింది. అడుగున ఉన్న గళ్ళ చీర మడతల్లో మాత్రం సగం ముడులు ఇంకా బిగుసుకునే ఉన్నాయి. విడివడిన రెండూ ఉతికి, నీడన ఆరబెట్టి, మడత పెట్టి ముందు గదిలో కుర్చీ మీద పెట్టాను. పొడుగునా చిల్లుల వరసలు. విప్పి పట్టుకుంటే జల్లెడ.

ఆ సాయంత్రమే పిల్లకి నొప్పులొచ్చాయి. చెప్పిన తారీఖుకి ఇంకా మూడు వారాల పైనే ఉంది. నేను ఆటో పిలుచుకొచ్చేసరికి చెల్లెలు సంచి సర్ది గుమ్మంలో నిలబడి ఉంది. బిడ్డ కోసమని పిల్ల ముందే తెప్పించుకున్న కొత్త తువ్వాలు ఒకటుంది, తలకి టోపీ కుట్టి ఉన్నది, గులాబీ రంగు. అది సంచిలో పైనే కనిపిస్తోంది. నేను తలుపు వెయ్యబోతూ కుర్చీ వైపు చూశాను. నీలం చీర లేదు. పసుపు పచ్చది ఒక్కటే ఉంది. హడావుడిలో ఎక్కడ పడిందో అనుకున్నాను.

ఆసుపత్రి వసారాలో బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడం పెట్టుకుని. చెల్లెలు సంచి పట్టుకున్న చెయ్యి వదల్లేదు. లోపలినుంచి పిల్ల కేక వినిపించినప్పుడల్లా దాని వేళ్ళు సంచి మీద బిగిసేవి.

లోపల చంటిబిడ్డ ఏడుపు వినిపించింది. ఇద్దరం ఒక్కసారే లేచాం. నర్సమ్మ తలుపు సందులోంచి తల బయట పెట్టింది.

"ఆడపిల్లమ్మా. ఇద్దరూ బానే ఉన్నారు. గుడ్డివ్వండి, పాత నూలుగుడ్డ, మెత్తటిది."

చెల్లెలు సంచిలో చెయ్యి పెట్టింది. గులాబీ తువ్వాలు పక్కకి నెట్టింది. అడుగునుంచి నీలం చీర తీసింది. ఎప్పుడు పెట్టుకుందో, నాకు తెలియకుండా మడత పెట్టి అడుగున పెట్టుకుంది. తీసి, ఒక్క క్షణం దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. చీర నర్సమ్మ చేతిలో పెట్టింది.

నర్సమ్మ మడత విప్పి దీపం కింద చూసింది. "ఇదేంటమ్మా, అంతా చిల్లులే. ఎలకలు కొట్టాయా?"

"ఎలకలు కాదు. మా అక్క కొట్టింది" అంది చెల్లెలు.

నర్సమ్మకి అర్థం కాలేదు. చీరని నాలుగు మడతలు వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాకు నవ్వు ఆగలేదు. ఆసుపత్రి అని కూడా చూసుకోలేదు. చెల్లెలు నవ్వలేదు గానీ, బల్ల మీద మళ్ళీ కూర్చునేటప్పుడు ఇందాకటి ఎడం లేకుండా కూర్చుంది.

బిడ్డని చూపించినప్పుడు చూశాను. నాలుగు మడతల్లో చుట్టేసరికి ఒక పొర చిల్లుల్ని ఇంకో పొర మూసేసింది. ఎక్కడా గాలి దూరడం లేదు. అమ్మ భుజం మరక బిడ్డ కాళ్ళ దగ్గరకొచ్చింది.

బిడ్డతో చెల్లెలింటికి తిరిగొచ్చాక నా దారిన నేను మిగిలిన గళ్ళ చీర విప్పుతూ కూర్చున్నాను. చెల్లెలు బిడ్డని నిద్రపుచ్చి వచ్చి, చిన్న కత్తెర తీసుకుని రెండో కొస పట్టింది.

"ఎంత బిగించావక్కా. చేతులు నెప్పెట్టలేదూ?"

"పెట్టాయి."

"ఇవి మళ్ళీ కుట్టకు. చీరలు చీరల్లాగే ఉండనీ. రోజూ ఒకటి మడతేసి బిడ్డ కింద వేస్తన్నాను, మెత్తగా ఉంది, తడిపితే చిటికెలో ఆరతది. బొంతైతే రెండు రోజులు ఆరదు."

"అలా వాడితే ఏడాదికి పీలికలైపోతాయి."

"అవనీ. వాడితేనేగా పీలికలయ్యేది."

దాని మాట కాదనలేకపోయాను. పాతచీరకి అంతకంటే మంచి గతి ఏముంటుంది? కానీ బొంత లేకుండా మా ఇంట్లో బిడ్డ పెరగడమన్నది కుదరదు. అది నా పని. ఎవరు వద్దన్నా మానను.

"అయితే నీ పాత నూలుచీరలు తియ్యి" అన్నాను. "ఈసారి నూలుదారమే వేస్తాను."

"నాకు నూలుచీరలెక్కడివక్కా. బయటికెళ్తే పాలిస్టరు, ఇంట్లో నైటీలు."

"నైటీలు నూలువేనా?"

"నూలువే."

"ఎన్నేళ్ళ నుంచి వేసుకుంటున్నావు?"

"ఆకుపచ్చది ఎనిమిదేళ్ళైంది. మీ మరిది ఎప్పట్నుంచో పారెయ్యమంటున్నారు."

"పారెయ్యకు. అన్నీ ఉతికి ఇవ్వు."

చెల్లెలు కత్తెర ఆపి నా వైపు చూసింది. "ఎక్కువకాలం బతికిన ఆడమనిషి గుడ్డ కావాలిగా. నాకింకా అరవై నాలుగే."

"అయితే బతుకు" అన్నాను. "నేనెటూ నిదానంగానే కుడతాను."